హంతకుడి ముఖం మనకెందుకు?

అంటువ్యాధి ప్రబలినప్పుడు వైద్యుడు మొదట అడిగేది, అది ఏ దారిన వ్యాపిస్తోంది అని. అమెరికాలో తరచూ జరిగే సామూహిక కాల్పుల విషయంలోనూ ఆ ప్రశ్న అడగవలసిందే. తుపాకులు సులభంగా దొరకడం మూలకారణం, సందేహం లేదు. కానీ ఒక ఘాతుకం మరొకదానికి ప్రేరణ కావడంలో వార్తామాధ్యమాల పాత్ర తక్కువేమీ కాదు.

2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్‌లో 32 మందిని కాల్చి చంపిన విద్యార్థి, రెండు దాడుల నడుమ తపాలా కార్యాలయానికి వెళ్ళి తన ఫొటోలు, వీడియోలు ఎన్‌బీసీకి పంపాడు. వాటిలో 1999 నాటి కొలంబైన్ పాఠశాల హంతకులను అమరులన్నాడు. ఎన్‌బీసీ రెండు రోజులకే ఆ దృశ్యాలను ప్రసారం చేసింది. హంతకుడి చివరి కోరికను తీర్చడం పాత్రికేయమా?

ఒక సామూహిక హత్యాకాండ తరువాత సగటున 13 రోజులపాటు అటువంటి మరొకటి జరిగే అవకాశం పెరుగుతుందని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో ప్రకటించారు. అందుకు ప్రచారమే కారణమని అది నిరూపించలేదు, బలంగా అనుమానించింది. చూసేవారికీ హాని తప్పదు. 2013లో బోస్టన్ మారథాన్ పేలుళ్ళ తరువాతి వారంలో రోజుకు ఆరు గంటలకు పైగా ఆ వార్తలలో మునిగినవారిలో, ఘటనాస్థలంలో ఉన్నవారికన్నా తీవ్రమైన మానసిక ఒత్తిడి కనిపించింది.

ప్రజలకు తెలుసుకునే హక్కు లేదా అంటారు. ఉంది. తుపాకి ఎలా చేతికొచ్చింది, ముందస్తు సంకేతాలను ఎవరు ఉపేక్షించారు అన్నవి చెప్పి తీరాలి. హంతకుడు పరారీలో ఉంటే ఫొటో చూపాలి. పట్టుబడ్డాక, మరణించాక కూడా అదే ముఖాన్ని రోజంతా తిప్పి చూపడంలో ప్రజాహితమేముంది?

సంయమనం సాధ్యమే. 1987లో వియన్నా పత్రికలు మెట్రో ఆత్మహత్యల వార్తలను తగ్గించి రాయగానే ఆ మరణాలు గణనీయంగా తగ్గాయి. 2019లో క్రైస్ట్‌చర్చ్ మసీదులలో 51 మందిని బలిగొన్నవాడి పేరు తన నోట పలకనని న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్ ప్రకటించారు.

ఇది పరాయి దేశపు గొడవ అనుకోకండి. 2023 మేలో టెక్సాస్‌లోని అలెన్ మాల్‌లో మరణించిన ఎనిమిది మందిలో తెలంగాణ ఆడపడుచు ఒకరు. ఆనాడు మృతదేహాల దృశ్యాలు ట్విటర్‌లో విచ్చలవిడిగా తిరిగాయి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఫోనులోకి కూడా అవి చేరగలవని పంపినవారు తలచారా?

కనుక పాఠకులారా, అటువంటి వీడియో మీకు చేరితే మీ వద్దే ఆపి, చెరిపివేయండి. హంతకుడి జీవితగాథ మొదలైతే టీవీ కట్టేయండి. పోయినవారిని గురించి చెప్పండని ఛానళ్ళకు రాయండి. మనం చూడకపోతే వారు చూపరు.