పైలట్ నిద్ర దగ్గర బేరమా?

2025 డిసెంబర్ మొదటి వారంలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు పండగ ముందు రోజు బస్టాండ్‌లా తయారైంది. ఇండిగో విమానాలు ఒకదాని వెనక ఒకటి రద్దయ్యాయి. సామాన్లు ఎక్కడున్నాయో తెలీదు, తర్వాతి ఫ్లైట్ ఎప్పుడో చెప్పే దిక్కు లేదు. కొచ్చి వెళ్లాల్సిన అయ్యప్ప భక్తులు గంటల తరబడి ఎదురుచూసి, చివరికి గేటు దగ్గరే ఆందోళనకు దిగారు. డిసెంబర్ 5న దేశవ్యాప్తంగా ఒక్క రోజులోనే వెయ్యికి పైగా ఇండిగో సర్వీసులు ఆగిపోయాయి.

ఆ గందరగోళంలో ఎక్కువగా వినిపించిన మాట ఒకటే. పైలట్ల విశ్రాంతిపై ప్రభుత్వం తెచ్చిన కొత్త రూల్సే ఇంత పని చేశాయట. ఈ మాటలో సగమే నిజం ఉంది.

ఆ రూల్స్ రాత్రికి రాత్రి ఊడిపడలేదు. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, వాటిని 2024 జనవరిలోనే ప్రకటించింది. వారానికి పైలట్‌కు ఇవ్వాల్సిన విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. రాత్రి డ్యూటీ లెక్కకు అర్ధరాత్రి నుంచి ఉదయం 5 వరకు ఉన్న సమయాన్ని 6 దాకా పొడిగించారు. రాత్రివేళ ఒక పైలట్ ఆరు ల్యాండింగుల దాకా చేయవచ్చన్న పాత పరిమితిని రెండుకు కుదించారు. అసలైతే ఇవి 2024 జూన్ 1 నుంచే అమలు కావాలి. విమాన సంస్థలు అభ్యంతరం చెప్పాయి, గడువు వాయిదా పడింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టాక గానీ తేదీలు ఖరారు కాలేదు. వారాంతపు విశ్రాంతి 2025 జులై 1 నుంచి, రాత్రి డ్యూటీ పరిమితులు నవంబర్ 1 నుంచి.

అంటే సంస్థల చేతిలో దాదాపు రెండేళ్ల సమయం ఉంది. దేశీయంగా విమానం ఎక్కే ప్రతి పది మందిలో ఆరుగురికి పైగా ఎక్కేది ఇండిగోనే. అంత పెద్ద సంస్థకు ఎంతమంది పైలట్లు కావాలో లెక్క తెలీదంటే నమ్మడం కష్టం. ఉన్న సిబ్బందితోనే ఎంత వీలైతే అంత నడిపించేద్దామన్న లెక్క అది. 2026 జనవరిలో డీజీసీఏ ఇండిగోకు 22.20 కోట్ల రూపాయల జరిమానా వేసినప్పుడు ఎత్తిచూపిన లోపాల్లో ఇదీ ఉంది.

కానీ జరిమానా కంటే ముందు జరిగినదాన్ని గమనించాలి. జనం ఎయిర్‌పోర్టుల్లో ఇరుక్కుపోగానే వెనక్కి తగ్గింది రూలే. వారాంతపు విశ్రాంతిని సెలవుల కింద లెక్క కట్టకూడదన్న నిబంధనను డీజీసీఏ ఉపసంహరించుకుంది. రాత్రి డ్యూటీ పరిమితుల నుంచి ఇండిగోకు 2026 ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు ఇచ్చింది. టికెట్ ధరలు ఆకాశాన్నంటకుండా పౌర విమానయాన శాఖ పరిమితులు పెట్టింది, 500 కిలోమీటర్ల లోపు దూరానికి 7,500 రూపాయలు, 1,500 కిలోమీటర్లు దాటితే 18,000. శ్రీకాకుళం నుంచి గెలిచిన కేంద్ర మంత్రి రామ్మోహన్ నాయుడు మీద అప్పుడు ఎంత ఒత్తిడి ఉండి ఉంటుందో ఊహించవచ్చు. అయినా రూల్ పాటించిన సంస్థలకు దీంతో ఏం సంకేతం వెళ్లిందన్న ప్రశ్న మిగిలే ఉంది.

ఇంతకీ పైలట్ నిద్ర మీద ఈ పట్టింపు ఎందుకు? గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన కుటుంబాలకు దీనికి జవాబు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. 2010 మే 22. దుబాయ్ నుంచి రాత్రంతా ఎగిరి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం తెల్లవారాక మంగళూరులో దిగుతూ, కొండ మీది రన్‌వే దాటి లోయలోకి పడిపోయింది. విమానంలో ఉన్న 166 మందిలో 158 మంది చనిపోయారు. బ్లాక్‌బాక్స్ విన్న దర్యాప్తు బృందానికి కాక్‌పిట్‌లో గురక వినిపించింది. ప్రయాణంలో గంటన్నరకు పైగా కెప్టెన్ నిద్రలోనే ఉన్నారు. లేచాక మత్తు వదల్లేదు. విమానం ఉండాల్సిన దానికంటే ఎత్తులో వస్తోంది. ల్యాండింగ్ ఆపి మళ్లీ పైకి లేపుదామని కో పైలట్ ఒకటికి మూడుసార్లు చెప్పినా కెప్టెన్ వినలేదు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. ఆ సిబ్బందికి డ్యూటీకి ముందు ఇవ్వాల్సిన విశ్రాంతి కాగితం మీద సరిగ్గానే ఇచ్చారు. గంటల లెక్కలో తప్పు లేదు. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు మధ్య మనిషి శరీరం మాత్రం ఆ లెక్క వినదు. ఎంత అనుభవం ఉన్నా ఆ వేళ చురుకుదనం తగ్గుతుంది. మొత్తం విశ్రాంతి గంటలు పెంచితే సరిపోదు, రాత్రి డ్యూటీనే విడిగా కట్టడి చేయాలన్న ఆలోచనకు మూలం ఇదే. కొత్త రూల్స్‌లో అన్నిటికంటే విలువైన భాగం అది. డిసెంబర్‌లో సడలించిన వాటిలో అదీ ఉంది.

2020 ఆగస్టు 7న కోజికోడ్‌లో మళ్లీ దుబాయ్ విమానమే, మళ్లీ కొండ మీది రన్‌వేనే. వర్షంలో దిగుతూ జారిపోయింది, 21 మంది పోయారు. ఆ కెప్టెన్ మర్నాడు ఉదయం కోజికోడ్ నుంచే మరో ఫ్లైట్ నడపాల్సి ఉంది. అక్కడ కెప్టెన్ల కొరత ఉందని, ఎలాగైనా అక్కడే దిగాలన్న ఆలోచనకు అదీ ఒక కారణమని దర్యాప్తు నివేదిక రాసింది. సిబ్బంది కొరత ఆఫీసులో రోస్టర్ సమస్యలా కనిపిస్తుంది, కాక్‌పిట్‌లో నిర్ణయంగా మారుతుంది.

కాపలాదారు పరిస్థితీ అంతంతమాత్రమే. 1934 నాటి విమాన చట్టం స్థానంలో కొత్త చట్టం 2025 జనవరి 1 నుంచి వచ్చింది గానీ, డీజీసీఏలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నట్టు అదే ఏడాది పార్లమెంటు స్థాయీ సంఘం ఎత్తిచూపింది. అహ్మదాబాద్‌లో 260 మంది ప్రాణాలు పోయిన సంవత్సరం కూడా అదే. ఆ ప్రమాదానికీ పైలట్ల అలసటకూ ముడిపెట్టడం సరికాదు. కానీ తనిఖీ చేసేవాళ్లే సగం మంది ఉంటే, ఏ సంస్థ రోస్టర్ ఎలా వేస్తోందో గొడవ ముదిరేదాకా తెలియకపోవడంలో వింతేముంది?

ప్రయాణికుడి వైపు కూడా ఒక మాట ఉంది. జెడ్డా నుంచో దుబాయ్ నుంచో రాత్రి బయలుదేరాల్సిన విమానం "సిబ్బంది డ్యూటీ టైమ్ అయిపోయింది" అంటూ ఆగిపోతే కోపం రావడం సహజం. పిల్లలు, పెద్దవాళ్లు, జమ్‌జమ్ క్యాన్లు, కూర్చోడానికి చోటుండదు. అయినా ఆ పైలట్ వెళ్లిపోవడం తప్పు కాదు, అతన్నే నడపమని పట్టుబట్టకూడదు. అతని బదులు మరో సిబ్బందిని సంస్థ ఎందుకు సిద్ధంగా ఉంచలేదన్నది కౌంటర్ దగ్గర అడగాల్సిన ప్రశ్న. విమానం రద్దయితే మరో ఫ్లైటో పూర్తి డబ్బు వాపసో కోరుకునే హక్కు, ఎదురుచూసే సమయంలో భోజనం అడిగే హక్కు డీజీసీఏ నిబంధనల్లోనే ఉన్నాయి.