వోన్ రోమనే: నాలుగున్నర ఎకరాల కీర్తి

ఫ్రాన్సు దేశపు తూర్పు భాగాన, బర్గండీ సీమలో, దిజోన్ నగరం నుండి దక్షిణంగా బోన్ పట్టణానికి పోయే పాత రాజమార్గం మీద సుమారు ఇరవై కిలోమీటర్లు సాగిన యాత్రికుడు కుడిచేతి వైపునకు మళ్లితే ఒక చిన్న గ్రామం ఎదురవుతుంది. పేరు వోన్ రోమనే. మొదటి మాటలో ఫ్రెంచివారు ఒక సకారాన్ని వ్రాస్తారు గాని పలుకరు. జనాభా నాలుగు వందలకు లోపు. ఇరుకైన వీధులు, ఎత్తయిన రాతి గోడలు, మూసిన తలుపులు, ఒక చర్చి. మధ్యాహ్నవేళ వీధిలో నడిచే వానికి తన అడుగుల చప్పుడే వినిపిస్తుంది. ప్రపంచంలోకెల్లా ఖరీదైన వైన్ పుట్టే ఊరు ఇదేనా అని కొత్తవారు సందేహపడితే వారి తప్పు లేదు.

చర్చి దాటి పడమటి వాలు వెంట కొద్ది నిమిషాలు నడిస్తే పొట్టి రాతి గోడ, దాని మీద ఒక రాతి శిలువ కనిపిస్తాయి. అదే రోమనే కోంతీ తోట. విస్తీర్ణం 1.8 హెక్టార్లు, అనగా మన లెక్కన నాలుగున్నర ఎకరాలు. హైదరాబాదు పరిసరాలలో అనాబ్-ఎ-షాహి ద్రాక్షను పందిళ్ల మీదికి పాకించేవారు. ఇక్కడి పినో న్వార్ తీగలు నడుమెత్తు దాటవు. ఏడాదికి లభించేది ఐదారు వేల సీసాలు మాత్రమే. దారికి అవతలి తోట మరొక పేరు, మరొక ధర. ఈ సున్నపు నేలలో పది అడుగులు జరిగితే రుచి మారిపోతుందని స్థానికుల విశ్వాసం. బయటివారికి ఇది చాదస్తంగా తోచవచ్చు. కాని బర్గండీలోని ఈ కొండవాలుపై ఇటువంటి మడులను 1,247గా గుర్తించి, 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మధ్యయుగాలలో ఈ నేల సెయింట్ వివాన్ మఠపు సన్యాసులది. 1760లో కోంతీ రాకుమారుడు దీనిని కొని, పంటను తన విందులకే కేటాయించుకున్నాడు. విప్లవకాలంలో ప్రభుత్వం దీనిని స్వాధీనం చేసుకుని 1794లో వేలం వేసింది. రాచరికాన్ని కూలదోసిన వారి వేలంలోనే తోటకు రాకుమారుని పేరు అంటుకున్నదంటే, మంచి ధర ముందు సిద్ధాంతం కొంత మెత్తబడిందనుకోవాలి.

ఈ తోట ఎదుర్కొన్న అసలు గండం మనుషుల వల్ల కాదు, కంటికి ఆనని పురుగు వల్ల వచ్చింది. 1860 దశకంలో అమెరికా నుండి వచ్చిన ఫిలోక్సెరా అనే పేనుజాతి కీటకం వేళ్లను పట్టి యూరపు ద్రాక్షతోటలను ఎండబెట్టింది. విరుగుడు కూడా అమెరికాలోనే దొరికింది. అక్కడి తీగల వేళ్లు ఆ కీటకాన్ని తట్టుకుంటాయి గనుక, మామిడికి అంటు కట్టినట్లే, ఆ మొదళ్లపై ఫ్రెంచి కొమ్మలను అతికించారు. చుట్టుపక్కల తోటలన్నీ అంటు తీగలకు మారినా, రోమనే కోంతీ యజమానులు మాత్రం మారలేదు. నేలలోకి కార్బన్ డైసల్ఫైడు ఎక్కించి, ఏటేటా పురుగును అణచివేస్తూ, తాతలనాటి వేళ్లనే దశాబ్దాల తరబడి కాపాడుకున్నారు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆ మందు దొరకలేదు, పనివారూ కరవయ్యారు. తీగలు క్షీణించాయి. 1945 పంట సుమారు ఆరు వందల సీసాలకు దిగజారింది. ఆ కోత ముగిసిన పిమ్మట పాత తీగలను పెకలించివేశారు. 1947లో, అదే ఊరిలోని లా తాష్ తోట నుండి తెచ్చిన కొమ్మలతో అంటు మొక్కలు నాటారు. 1946 నుండి 1951 వరకు ఆ పేరుతో ఒక్క సీసా కూడా వెలువడలేదు. ఆ చివరి పంటలోని ఒక సీసా 2018లో న్యూయార్కు వేలంలో 5,58,000 డాలర్లకు అమ్ముడుపోయింది. తీగలను పెకలించిన కూలీలు ఈ అంకె విని ఉంటే ఏమనుకునేవారో!

2010లో మరొక బెడద వచ్చింది. పది లక్షల యూరోలు ఇవ్వకుంటే తోటకు విషం పెడతామని బెదిరింపు లేఖ అందింది. చూడగా, తీగల మొదళ్లకు అప్పటికే రంధ్రాలు చేసి ఉన్నాయి. పొరుగూరి శ్మశానంలో నకిలీ నోట్ల సంచి కోసం వచ్చిన నిందితుణ్ణి పోలీసులు పట్టుకున్నారు.

ఇంత జరిగినా తోట చుట్టూ ముళ్లకంచె లేదు, తుపాకీ పట్టిన కాపలావాడు లేడు. దారి మీదనే నిలిచి చూడవలసిందనీ, లోపల అడుగు పెట్టవద్దనీ కోరే మర్యాదైన పలక ఒకటి మాత్రం ఉన్నది. దూరదేశాల నుండి వచ్చినవారు గోడ పక్కన ఫొటో తీయించుకుని, కాసేపు నిలబడి, మెల్లగా వెనుదిరుగుతారు. యజమానులు సందర్శకులకు తలుపు తెరవరు, చిల్లరగా అమ్మరు. ఒక గ్లాసు వైన్ రుచి చూడాలనుకున్న బాటసారి దక్షిణాన కొద్ది దూరంలోనే ఉన్న న్వీ సెయింట్ జార్జి పట్టణానికి, తోటల నడుమ దారిన, నడిచి పోతాడు.