మన రక్తం వాళ్లు చూస్తరు.. మరి డాక్టర్ లైసెన్స్ ఎవలు చూడాలె?

గల్ఫ్ పోయే పోరగాండ్లకు అందరికీ ఎరుకున్న ముచ్చటే. వీసా చేతికి రాకముందే మెడికల్ కు పొమ్మంటరు. పాత పేరు గమ్కా, ఇప్పటి పేరు వఫీద్. రక్తం తీస్తరు, ఛాతి ఎక్స్ రే తీస్తరు. హెచ్ఐవీ ఉన్నదా, హెపటైటిస్ బీ, సీ ఉన్నయా, టీబీ ఉన్నదా అని చూస్తరు. ఏమన్న తేలితే అన్ ఫిట్ అని కంప్యూటర్ల ఎక్కిస్తరు. ఆ ముచ్చట గల్ఫ్ దేశాలన్నిటికీ తెలుస్తది.

ఆ పరీక్ష నీ ఆరోగ్యం కోసం కాదు. వాళ్ల పనికి నీ ఒళ్లు పనికొస్తదా లేదా అని చూసుకునుడు. అది వాళ్ల దేశం, వాళ్ల కానూను, కాదనలేం. నా ప్రశ్న ఇంకోటి. గంత గట్టిగ మనల్ని పరీక్ష చేసినంకనే లోపలికి రానిస్తరు కదా. మరి అక్కడ మనకు పాణం బాగలేకపోతే, మన ఒంటి మీద కత్తి పెట్టే డాక్టర్ ఎవలు, ఏం చదివిండు, లైసెన్స్ ఉన్నదా అని మనం ఎప్పుడన్న చూసినమా? జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు ఏ ఊర్లె అడిగినా ఒకటే జవాబు. "డాక్టర్ ను మనం ఏం అడుగుతం అన్నా?"

అడగాలె. ఎందుకు అడగాలె, ఎట్ల అడగాలె అనేదే ఇయ్యాల్టి ముచ్చట.

కార్డు వచ్చింది, సంతోషమే

2025 జనవరి 1 నుంచి యూఏఈల ఏడు ఎమిరేట్లల్ల ప్రైవేటు కార్మికులందరికీ ఆరోగ్య బీమా తప్పనిసరి అయ్యింది. అబుదాబి, దుబాయిల ఇదివరకే ఉండె. షార్జా, అజ్మాన్, రాస్ అల్ ఖైమా అసొంటి మిగిలిన చోట్ల పనిచేసేటోళ్లకు, ఇండ్లల్ల పనిచేసే అక్కచెల్లెండ్లకు కూడా ఇప్పుడు వచ్చింది. అన్నిటికన్న తక్కువ ప్యాకేజీ ఏడాదికి 320 దిర్హామ్ లు. ఆ పైసలు కంపెనీ కట్టాలె, నీ జీతంల కోయొద్దు. సౌదీల కూడా కార్మికునికి బీమా చేయించుడు యజమాని బాధ్యతనే.

మంచిదే. కానీ కార్డు వేరు, డాక్టర్ వేరు. నీ కార్డు ఏ దవఖానల నడుస్తదో బీమా కంపెనీ ముందే లిస్టు రాసిపెడుతది. చౌక కార్డుకు చిన్న లిస్టు. ఆ లిస్టుల క్యాంపుకు దగ్గరున్న క్లినిక్ కు పోతం. అక్కడ హిందీల మాట్లాడే మనిషి దొరికితే చాలు, దేవుడు దొరికినట్టే అనుకుంటం.

ఇది గల్ఫ్ కు పోయినంక వచ్చిన అలవాటు కాదు, మన ఊరి నుంచి మోసుకపోయిందే. ఊర్లె ఆర్ఎంపీ దగ్గరికి ఎందుకు పోతం? దగ్గరున్నడు, మన భాష మాట్లాడుతడు, రాత్రి పిలిచినా వస్తడు, పైసలు రేపు ఇస్తమంటే సరే అంటడు. పెద్ద దవఖాన మనల్ని మనుషులుగ చూడలే కాబట్టి, చూసినోని దగ్గరికి పోయినం. తప్పు పట్టేది ఏం లేదు. కానీ నమ్మకం వేరు, చదువు వేరు. జరానికి గోలీ ఇచ్చే కాడ ఈ ఫరక్ పెద్దగ కనబడది. వెన్నుపూస ఆపరేషన్ కాడికి వచ్చేసరికి పాణం మీదికొస్తది.

పోయినేడు ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. కట్టడం పని. నడుము నొప్పి, కాలు గుంజుతున్నది. క్యాంపు దగ్గరి క్లినిక్ ల ఒకాయన చూసి ఆపరేషన్ పడుతది, తెలిసిన దవఖాన ఉన్నది, సగం పైసలు నువ్వు పెట్టుకోవాలె అన్నడట. "ఆయన దేని డాక్టర్ తమ్మీ?" అని అడిగిన. "మంచిగ మాట్లాడిండే" అన్నడు. పేరు పంపుమన్న. ఆ దేశం రిజిస్టర్ ల వెతికితే ఆయన జనరల్ ప్రాక్టీషనర్. అంటే లైసెన్స్ ఉన్న డాక్టరే, దొంగ డాక్టర్ కాదు. కానీ వెన్నుపూసకు కత్తి పడుతదా లేదా అని తేల్చే చదువు ఆయనకు లేదు. అదే కార్డు మీద, అదే లిస్టుల ఉన్న ఎముకల స్పెషలిస్టు దగ్గరికి పోతే ముందుగాల వ్యాయామాలు, ఫిజియోథెరపీ రాసిండు. ఈ రెండు దారుల నడుమ తేడా ఒక్క పేరు వెతుకుడే. పది నిమిషాల పని.

బ్రోకర్ దొరికితే డాక్టర్ దొరికినట్టు కాదు

ఇది గల్ఫ్ కార్మికుని ముచ్చట. వైద్యం కోసమే విమానం ఎక్కేటోళ్ల కథ ఇంకా కష్టం.

2016 ఆరంభంల నల్గొండ పోలీసులు బయటపెట్టిన కిడ్నీ దందా యాదికుండాలె. పేద పోరగాండ్లను ఇంటర్నెట్ ల పట్టుకొని, కొలంబోకు తీసుకపోయి కిడ్నీలు తీయించిన్రు. ఆ కేసు తర్వాత విదేశీయులకు కిడ్నీ మార్పిడి ఆపుమని శ్రీలంక సర్కారే చెప్పవలసి వచ్చింది. ఎనిమిదేండ్లు గడిచినయ్, దందా ఆగలే, దేశం మారింది అంతే. 2024 మేల కొచ్చిన్ ఎయిర్ పోర్టుల ఒకణ్ణి పడితే ఇరాన్ దాకా తీగ కదిలింది. హైదరాబాద్, విజయవాడ పేర్లు కూడా వచ్చినయ్. ఎన్ఐఏ దాకా పోయింది కేసు.

ఇట్లాంటి కేసుల్ల కిడ్నీ అమ్మినోని గురించి అందరం మాట్లాడుతం. కొనుక్కున్న రోగి గురించి ఎవలూ మాట్లాడరు. ఆయన కూడా అప్పు తెచ్చి, భూమి అమ్మి పోయినోడే కావొచ్చు. ఆయనకు తెలిసింది బ్రోకర్ ఫోన్ నెంబర్. కోసిన డాక్టర్ పేరు తెల్వది. ఏ కిడ్నీ పెట్టిన్రో, ఎట్ల కలిపిన్రో రాసిన సరైన కాయిదం చేతికి రాదు. కిడ్నీ మార్చుకున్న మనిషి ఆ కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండ బతికినంత కాలం మందులు వాడాలె. రేపు జరమొచ్చి ఇక్కడి దవఖానకు పోతే, ఆ కాయిదాలు లేకుంట ఈ డాక్టర్ ఏం చూసి మందు రాయాలె?

కానూను కూడా గట్టిగనే ఉన్నది. 1994 అవయవ మార్పిడి చట్టాన్ని 2011ల సవరించినంక, అవయవాల యాపారం చేస్తే 5 నుంచి 10 ఏండ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జుర్మానా. తప్పుడు దారి ఎందుకు? నిమ్స్ ల, ఉస్మానియాల కిడ్నీ మార్పిడి జరుగుతది. జీవన్ దాన్ ల పేరు రాయించుకోవచ్చు. ఎదురుచూపు ఉంటది, నిజమే. కానీ అక్కడ డాక్టర్ కు పేరున్నది, కాయిదం ఉన్నది, అడిగే హక్కు ఉన్నది.

ఇగ ఇన్ స్టాల టర్కీ జుట్టు రీల్స్ చూస్తున్న తమ్ముళ్లకు ఒక మాట. టర్కీల విదేశీ రోగులకు వైద్యం చెయ్యాలంటే ఆరోగ్య శాఖ ఇచ్చే హెల్త్ టూరిజం అనుమతి పత్రం ఉండాలె. 2017 నుంచి ఆ నిబంధన ఉన్నది. బుకింగ్ కు ముందు ఆ పత్రం అడుగుండ్రి. అక్కడ పెద్ద మోసం ఏందంటే, ప్రకటనల డాక్టర్ మొఖం ఉంటది, తలకాయ మీద పని టెక్నీషియన్ చేస్తడు. జుట్టు మార్పిడి డాక్టర్ల అంతర్జాతీయ సంఘమే దీని గురించి హెచ్చరిస్తున్నది.

ఎట్ల వెతకాలె?

ముందుగాల డాక్టర్ పూర్తి పేరు, ఇంగ్లిష్ అక్షరాలతోటి, లైసెన్స్ మీద ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలె. గోడ మీద లైసెన్స్ ఉంటే ఫొటో తీసుకో. లేకుంటే రిసెప్షన్ ల అడుగు. అడుగుడు తప్పు కాదు.

తర్వాత ఏ ఊర్లె ఉన్నవో ఆ ఊరి రిజిస్టర్ చూడాలె. దుబాయి అయితే దుబాయ్ హెల్త్ అథారిటీ. అబుదాబి అయితే అక్కడి డిపార్ట్ మెంట్ ఆఫ్ హెల్త్. మిగిలిన ఎమిరేట్లకు కేంద్ర ఆరోగ్య శాఖ. సౌదీల సౌదీ కమిషన్ ఫర్ హెల్త్ స్పెషాలిటీస్. ఖతర్ ల ఆరోగ్య శాఖ కింద ఉన్న హెల్త్ కేర్ ప్రొఫెషన్స్ విభాగం. లండన్ దిక్కు చదువుకునే పిల్లలకు జనరల్ మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్ ఉన్నది, పైసా ఖర్చు లేకుంట ఎవలైనా వెతకొచ్చు. "నేను ఇండియాల చదివిన" అని డాక్టర్ అంటే, మన నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్ సైట్ల ఇండియన్ మెడికల్ రిజిస్టర్ ఉన్నది. పేరు, రిజిస్ట్రేషన్ నెంబర్ కొట్టి చూడొచ్చు.

మూడోది హోదా. దుబాయిల జనరల్ ప్రాక్టీషనర్, స్పెషలిస్ట్, కన్సల్టెంట్ అని మెట్లు ఉంటయ్. సౌదీల కూడా కింద రెసిడెంట్, నడుమ రిజిస్ట్రార్, పైన కన్సల్టెంట్. జరం, దగ్గు, షుగర్ గోలీలకు జనరల్ డాక్టర్ చాలు. కత్తి మాట వస్తే స్పెషలిస్ట్ కావాలె, అదీ ఆ అవయవానికి సంబంధించిన స్పెషలిస్ట్. కిడ్నీల రాయికి యూరాలజిస్ట్, గుండెకు స్టెంట్ అంటే కార్డియాలజిస్ట్.

పేరు వెనుక అక్షరాలు చూసి బెదిరిపోవద్దు. మన దేశంల ఎంబీబీఎస్ పునాది. ఎండీ, ఎంఎస్ దాని పైన. డీఎం, ఎంసీహెచ్ ఇంకా పైన. ఎంఆర్సీపీ అంటే బ్రిటన్ ల మందుల వైద్యం దిక్కు పరీక్ష, ఎఫ్ఆర్సీఎస్ ఆపరేషన్ల దిక్కు. ఏదో సంఘంల మెంబర్ అని ఉంటే అది చదువు కాదు, చందా కట్టిన రసీదు అసొంటిదే. దవఖాన గోడ మీద జేసీఐ బోర్డు ఉంటే మంచిదే, కానీ అది దవఖానకు ఇచ్చింది. నిన్ను కోసే డాక్టర్ కు ఇచ్చింది కాదు.

చివరికి నాలుగు ప్రశ్నలు. ఆపరేషన్ మీరే చేస్తరా, ఇంకోలా? ఇట్లాంటివి ఎన్ని చేసిన్రు? ఆపరేషన్ లేకుంట దారి ఉన్నదా? తర్వాత గడబిడ అయితే ఎవలు చూస్తరు, పైసలు ఎవలియ్యాలె? మంచి డాక్టర్ వీటికి కోపానికి రాడు. అరబ్బీల ఉన్న కాయిదం మీద అర్థం కాకుంట సంతకం పెట్టొద్దు. రిపోర్టులన్నిటి కాపీలు అడిగి తీసుకొని ఇంటికి పంపాలె, ఇక్కడి డాక్టర్ తోటి రెండో మాట అడగొచ్చు.

ఇదంతా సమయం ఉన్నప్పటి ముచ్చట. ఛాతిల నొప్పి, పక్షవాతం, పెద్ద దెబ్బ అయితే రిజిస్టర్ వెతుక్కుంట కూసోవద్దు. యూఏఈల 998, సౌదీల 997, ఖతర్ ల, బహ్రెయిన్ ల 999, కువైట్ ల 112, ఒమన్ ల 9999 కొట్టాలె.

ఇంకొకటి. ఎండల పనిచేసి, నీళ్లు తక్కువ తాగి, రాత్రి రూముల దోస్తు ఇచ్చిన నొప్పి గోలీ మింగుడు అలవాటైతే కిడ్నీల మీద దెబ్బ పడుతది. రూములకొచ్చి సూది వేసేటోడు డాక్టర్ కాదు, వాని బ్యాగుల ఏమున్నదో వానికే తెల్వాలె.

సర్కారు ఏం చెయ్యాలె?

"కూలోళ్లం, క్యాంప్ బాస్ ఎక్కడికి తీసుకపోతే అక్కడికే పోతం" అంటరు. నిజం. కల్లివెల్లి అయినోని గతి ఇంకా కష్టం, దవఖాన గడప తొక్కాలంటేనే పోలీస్ భయం. ఒక్కొక్కడు తెలివి తెచ్చుకుంటే అంతా సక్కగైతదని నేను చెప్తలేను. అందుకే సర్కార్లను అడుగుతున్న.

గల్ఫ్ ల సచ్చిపోయినోని కుటుంబానికి రాష్ట్ర సర్కారు 5 లక్షలు ఇస్తున్నది. కొట్లాడితే వచ్చింది, ఉండాలె. ప్రవాసీ భారతీయ బీమాల ప్రమాదంల పోతే 10 లక్షలు. అంటే సచ్చినంక లెక్క ఉన్నది. బతికుండంగ తెలుగుల ఒక మాట చెప్పే నాథుడు ఏడి? అదే ప్రవాసీ బీమాల రోగమొచ్చి దవఖానల చేరితే లక్ష రూపాయల దాకా వస్తదని పాలసీ కట్టినోళ్లల్ల ఎంతమందికి తెలుసు? ఎంబసీలల్ల ఐసీడబ్ల్యూఎఫ్ అనే నిధి 2009 నుంచి ఉన్నది. ఆపదల ఉన్న కార్మికుని వైద్యానికి దాంట్లకెళ్లి ఖర్చు పెట్టొచ్చు. ఆ ముచ్చట క్యాంపు దాకా ఎందుకు చేరలే?

మూడు పనులు కావాలె. పోకముందు ఇచ్చే ఓరియెంటేషన్ క్లాసుల డాక్టర్ లైసెన్స్ ఎట్ల వెతకాలో ఫోన్ మీద చేసి చూపియ్యాలె. హైదరాబాద్ సర్కారు దవఖాన డాక్టర్లతోటి గల్ఫ్ కార్మికులకు రెండో మాట చెప్పే తెలుగు ఫోన్ లైన్ పెట్టాలె. ఆపరేషన్ కు ముందు మన భాషల అర్థం చేయించే దుబాసీని ఎంబసీ ఏర్పాటు చెయ్యాలె. కోట్ల పని కాదు ఇది.

సర్కారు కదిలేదాకా మీరున్నరు. ఊర్లె డిగ్రీ చదువుకుంట ఫోన్ పట్టుకున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు. మీ అన్న దమ్మామ్ ల పన్నెండు గంటలు పనిచేసి వస్తడు. ఆయనకు రిజిస్టర్ వెతికే ఓపిక ఉండది, మీకు ఉంటది. "డాక్టర్ పేరు పంపే, నేను చూస్త" అని ఒక్క మెసేజ్ పెట్టుండ్రి. ఊరి వాట్సాప్ గ్రూపుల ఆ దేశం రిజిస్టర్ లింకు, అంబులెన్స్ నెంబర్ పిన్ చేసి పెట్టుండ్రి. ఇంటికి పైసలు పంపిన మనిషికి మనం పంపగలిగింది కనీసం గదన్న ఉండాలె.