డిక్కీలో దుకాణం

పాత స్పోర్ట్స్ కారు కొన్నవాడికి మొదటి వారంలోనే దొరికే ఉచిత సలహా ఒకటుంది. దారిలో ఎక్కడో ఆగిపోతుంది, అందుకని మంచి టూల్‌కిట్ ఒకటి కొని డిక్కీలో పడెయ్యమంటారు. జాబితా కూడా ఇస్తారు. చదువుతుంటే పెళ్లి సామాన్ల పట్టీలా సాగుతూనే ఉంటుంది. సామాను ఎంత ఉంటే ధైర్యం అంత అన్నది దాని వెనక ఉన్న నమ్మకం. అది తప్పని ఊరికే అనడం లేదు, డబ్బు కట్టి తెలుసుకున్నాను.

నాది 1969 నాటి ఎం.జి.బి. ఇంగ్లండులోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా తయారైన రకం. కొన్న కొత్తలో 94 ముక్కల సెట్టు ఒకటి తెచ్చుకున్నాను. ఒక్కో పానాకి ఒక్కో గూడు, అన్నీ తళతళలాడుతూ. ఒక వానపూట పల్లెదారిలో ఛార్జింగ్ ఎర్రలైటు వెలిగింది. బానెట్ ఎత్తితే ఫ్యాన్ బెల్టు వదులైంది. ఆల్టర్నేటర్ బోల్టు కాస్త వదిలించి, వెనక్కి లాగి, మళ్లీ బిగిస్తే చాలు, ఐదు నిమిషాల పని. కానీ ఆ బోల్టు తల అరంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. నా సెట్టులో ఉన్నది 13. ఆ తేడాకి పానా జారింది. మళ్లీ పెట్టాను, మళ్లీ జారింది. మూడోసారికి బోల్టు తల అంచులు అరిగి గుండ్రంగా తయారైంది. 94 ముక్కలూ వానలో తడుస్తూ నన్ను చూస్తున్నాయి.

ఆ కారులో ఎక్కువ నట్లు అంగుళాల లెక్కవే. 7/16, 1/2, 9/16 పానాలు మూడుంటే దారిలో చెయ్యగలిగిన పనులు చాలావరకు అయిపోతాయి. ఈ సంగతి దుకాణంవాడు చెప్పడు, అట్టపెట్టె మీద రాసి ఉండదు. కారు కింద ఒక ఆదివారం పడుకుంటే తెలుస్తుంది. ఇంట్లో పని చేసేటప్పుడు చేతికొచ్చిన ప్రతి పనిముట్టునూ ఒక గుడ్డలో వేస్తూ పోతే సాయంత్రానికి టూల్‌కిట్ దానంతటదే తయారవుతుంది. కొనాల్సింది దాదాపు ఏమీ ఉండదు.

విడిభాగాల విషయంలో అయితే చలామణీలో ఉన్న సలహా మరీ తలకిందులు. కొత్త రోటర్, కొత్త కండెన్సర్ సీలు విప్పకుండా దాచుకోవాలట. ఈమధ్య వచ్చే చౌకరకం రోటర్లలో కొన్నింటికి మధ్యలో ఉండే రివెట్ గుండా కరెంటు కిందికి, డిస్ట్రిబ్యూటర్ షాఫ్టులోకి దిగిపోతుంది. ప్లగ్గుకు నిప్పు అందదు. సీలు విప్పని ముక్క అంటే పరీక్ష రాయని కుర్రాడు. నేను కొత్తవి కారుకి బిగించి, వేల మైళ్లు నడిచిన పాతవాటిని డిక్కీలో పెడతాను. అవి పనిచేస్తాయని నాకు తెలుసు.

అన్నిటికంటే ముందు కావలసింది చెవి. తాళం తిప్పగానే వెనక కుడిచక్రం వైపు నుంచి టక్ టక్‌మని పెట్రోలు పంపు కొట్టుకోవాలి. కార్బురేటర్ల గిన్నెలు నిండాక ఆగిపోవాలి. ఆగకుండా కొట్టుకుంటోందంటే ట్యాంకు ఖాళీ అయినా అయ్యుండాలి, ఎక్కడో గాలైనా లాగుతుండాలి. అసలు చప్పుడే లేకపోతే చాలాసార్లు లోపలి కాంటాక్టుల దగ్గరే తేడా ఉంటుంది. పంపు మీద సుత్తితో మెల్లగా ఒక్కటి తడితే తాత్కాలికంగా బతుకుతుంది. సుత్తి లేకపోతే బూటు మడమ చాలు. ఇల్లు చేరాక కాంటాక్టులు శుభ్రం చేసుకోవచ్చు. పంపు దాకా కరెంటు వస్తోందా లేదా తేల్చడానికి పన్నెండు వోల్టుల బల్బుకి రెండు తీగలు కట్టుకుంటే సరి.

ఇదంతా మనవాళ్లకు కొత్త కాదు. అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సి.సి. పెట్రోలు ఇంజనూ, ఎం.జి.బి.లోని 1798 సి.సి. ఇంజనూ ఒకే బి-సిరీస్ వంశం. మన ఊళ్లలో ఆ కారు తోలిన పాత డ్రైవర్ల దగ్గర ఒక స్క్రూడ్రైవరు, రెండు పానాలు, ఉప్పు కాగితం ముక్క, తడిగుడ్డ ఉండేవి. పాయింట్ల మధ్య సందు చూడ్డానికి సిగరెట్ పెట్టె అట్ట. నాకు అంత ధైర్యం లేదు, ఫీలర్ గేజ్ ఉంచుకుంటాను. పదిహేను థౌ, అంటే అంగుళంలో వెయ్యింట పదిహేను వంతుల సందు.

«బావా, చేతిలో ఫోనుండగా ఈ ఇనుమంతా ఎందుకు?» అంటాడు మా బావమరిది. మోటార్‌వే మీదైతే అతని మాటే ఖాయం. అక్కడ చిన్న రిపేరు కూడా చెయ్యొద్దని, వెనక ఎర్ర త్రికోణం కూడా పెట్టొద్దని బ్రిటిష్ హైవే కోడ్ చెబుతుంది. కారు దిగి, కంచె దాటి నిలబడి, ఫోను చెయ్యాల్సిందే. కానీ ఇలాంటి కార్లు తోలేవాళ్లం పనిగట్టుకుని పల్లెదారులే పడతాం. అక్కడ ఫోనుకి సిగ్నల్ దొరకదు. దొరికి రిపేరు బండి వచ్చినా, దాంట్లో వచ్చిన కుర్రాడు కంప్యూటర్ తగిలించే సాకెట్ కోసం డాష్‌బోర్డు కింద వెతుకుతాడు. తప్పు అతనిది కాదు, కారు అతని తండ్రికంటే పెద్దది.

ఇప్పుడు నా డిక్కీలో ఉన్నది చపాతీ పీటంత గుడ్డ చుట్ట. తీగల చక్రాలకు కావలసిన రాగి సుత్తి మాత్రం దాంట్లో పట్టదు, పక్కన పడుకుంటుంది. ఆ 94 ముక్కల సెట్టు మా అబ్బాయి సైకిలుకి చక్కగా పనికొస్తోంది. దాని నట్లన్నీ మిల్లీమీటర్ల లెక్కే.