ప్రశ్నార్థకాలుగా మిగలవలసిన పేర్లా ఇవి?

భాషాహక్కు అనగానే మనకు బడి, న్యాయస్థానం, బస్సు మీది బోర్డు గుర్తుకు వస్తాయి. కంప్యూటరుకు ఇచ్చే చిన్న ఆజ్ఞలో సైతం ఆ హక్కు ఇమిడి ఉన్నదని నా అభిప్రాయం.

హోసూరు ప్రాంతపు పెద్దల నోట మిగిలిన కథలను, ఆటపాటలను మేము కొందరం రికార్డు చేసి డి.వి.డి.లలో భద్రపరిచాము. ఇప్పుడు వాటి డిస్క్ ఇమేజ్‌లు దూరాన ఒక సర్వర్‌లో ఉన్నాయి. డిస్క్ ఇమేజ్ అంటే డిస్కులోని సమస్తాన్నీ దాని అమరికతో సహా ఒకే ఫైలుగా తీసిన అచ్చు. ఒక్కొక్కటి నాలుగు గిగాబైట్లకు పైబడినది. ఒక్క పాట కోసం అంతటినీ దించుకోనక్కరలేదు. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా సర్వర్‌లోకి ప్రవేశించి, నిర్వాహక అనుమతితో ‘మౌంట్’ ఆజ్ఞ ఇస్తే చాలు. లినక్స్‌లోని లూప్ డివైస్ ఆ ఫైలునే డిస్కుగా చూపుతుంది. మనం సూచించిన ఖాళీ డైరెక్టరీలో లోపలి ఫైళ్లన్నీ కనిపిస్తాయి. కావలసిన పాటను తెచ్చుకొని ‘యూమౌంట్’తో ముగించవచ్చు.

చిక్కల్లా పేర్లతోనే. సి.డి.ల కోసం 1988లో వెలువడిన ఐఎస్‌ఓ 9660 ప్రమాణం ఫైళ్ల పేర్లకు ప్రధానంగా ఇంగ్లిషు పెద్దక్షరాలను, అంకెలను, అండర్‌స్కోర్‌ను అనుమతించింది. తరువాత మైక్రోసాఫ్ట్ రూపొందించిన జోలియెట్ పద్ధతి యూనికోడ్ పేర్లకు చోటిచ్చింది. 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే తెలుగు ఉన్నది. కనుక జోలియెట్ పద్ధతిలో తయారైన మా ఇమేజ్‌లలో తెలుగు పేర్లు పదిలమే. అయితే సర్వర్ అమరికలో వేరుగా నిర్ణయించనప్పుడు, మౌంట్ చేసేవారు ఏమీ చెప్పకపోతే, లినక్స్ ఆ పేర్లను పశ్చిమ ఐరోపా భాషల కోసం ఏర్పడిన ఐఎస్‌ఓ 8859-1లోకి మారుస్తుంది. అందులో తెలుగుకు తావు లేదు. ప్రతి సంకేతమూ ప్రశ్నార్థకమవుతుంది. ‘కథలు’, ‘ఆటలు’ అనే పేర్లకు యూనికోడ్‌లో నాలుగేసి సంకేతాలు. రెండూ ‘????’ అనే కనిపిస్తాయి. ఏది ఏదో ఎవరు చెప్పగలరు?

విరుగుడు ఒక్కటే మాట. ఆజ్ఞలో ‘-ఓ’ తరువాత ‘లూప్’ను, చదవడానికి మాత్రమే తెరిచే ‘ఆర్‌ఓ’ను రాసి, వాటితో పాటు ‘ఐఓచార్‌సెట్=యూటీఎఫ్8’ అని చేర్చాలి. మన పేర్లు మన లిపిలో నిలుస్తాయి.

“పేర్లు ఇంగ్లిషులో పెట్టుకుంటే ఈ తంటా ఎందుకు?” అనేవారు మనలోనే ఉన్నారు. కల, కళ, కాల అనే మూడు మాటలూ ప్రత్యేక గుర్తులు లేని రోమన్ లిపిలో ఒక్కటైపోతాయి. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉన్నది. యంత్రం తెలుగును మోయగలిగి ఉండగా మనమే దానిని దించివేయడం అలవాటవుతుంది. చుట్టూ వేరే భాష ఉన్న మనకు ఆ అలవాటు ఎక్కడికి దారితీస్తుందో వేరే చెప్పాలా?

అందుచేత తెలుగు సంపదను దాచేవారందరికీ నా విన్నపం ఇది. ఫైళ్లకు తెలుగు పేర్లే పెట్టండి. ప్రతి ఇమేజ్ పక్కన దానిని తెరిచే ఆజ్ఞను, వివరణను తెలుగులో రాసి ఉంచండి. తరచు వాడే ఇమేజ్‌లకు ఈ ఐచ్ఛికాన్ని ‘ఎఫ్‌ఎస్‌ట్యాబ్’ ఫైలులో శాశ్వతంగా చేర్చమని సర్వర్ నిర్వాహకులను కోరండి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అమ్మనుడి కోసం అడగవలసినవారము మనమే.