కొండ కింది ఊరు

తిరుపతిలో కాపురం వుండేవాళ్లకు చుట్టాల కరువు వుండదు. ఎప్పుడో ఒక పెళ్లిపందిట్లో కనబడ్డ పెత్తండ్రిగారి వియ్యంకులు కూడా తెల్లవారుజామున తలుపు తట్టి, "దర్శనానికి వచ్చాం నాయనా" అంటారు. సంతోషమే. స్నానాలు, ఫలహారాలు, కొండకు ప్రయాణం; మర్నాడు మా చేతిలో ఒక లడ్డు పెట్టి రైలెక్కడం. ఊరికి పోయి "తిరుపతి చూసి వచ్చాం" అని చెబుతారు. వాళ్లు చూసింది తిరుమల. తిరుపతి వాళ్లకు రైలుకూ కొండ బస్సుకూ నడుమ అడ్డం వచ్చిన ఊరు. వెనకటి పెద్దలు నయం. ఎగువ తిరుపతి, దిగువ తిరుపతి అని రెండింటికీ లెక్క వుంచేవారు.

యీ వారం ఆ దిగువ లెక్క కొంచెం చూద్దాం.

మనుషులకు వున్నట్లు ఊళ్లకు పుట్టినరోజు వుండడం అరుదు. మా ఊరికి వుంది. 1130 ఫిబ్రవరి 24న రామానుజాచార్యులవారు యిక్కడ గోవిందరాజస్వామి ప్రతిష్ఠ జరిపారని లెక్కగట్టి, 2022 నుంచి ఆ తేదీన ఊరి పుట్టినరోజు చేస్తున్నారు. గుడి చుట్టూ వీధులు, వీధుల వెంట యిళ్లు, అలా పెరిగిన ఊరు. అంతకు పూర్వం కపిలతీర్థం వైపు వుండిన పల్లె పేరు కొత్తూరట. పాత ఊరి పేరు కొత్తూరు! మనం పేర్లు పెట్టే తీరు యింతే. గోవిందరాజస్వామి గుడి ముందరి ఏడంతస్తుల పెద్ద గోపురం మాత్రం అప్పటిది కాదు. దాన్ని 1628లో మట్లి అనంతరాజు కట్టించాడు. గుడికంటె గోపురం దాదాపు అయిదువందల యేళ్లు చిన్నది. చూసేవాళ్లు మాత్రం గోపురానికే దండం పెట్టి, అదే అన్నిటికంటె పాతదనుకొంటారు.

అసలు నేను చెప్పదలచింది చంద్రగిరి సంగతి. తిరుపతి నుంచి చిత్తూరు రోడ్డు పట్టుకొంటే పన్నెండు కిలోమీటర్లు వుంటుందేమో. 1565లో రాక్షసి తంగడి యుద్ధంతో విజయనగరం పడిపోయిందని పిల్లలు బళ్లో చదువుకొంటారు. పాఠం అక్కడ ఆగింది గాని రాజ్యం ఆగలేదు. రాయలు హంపి వదిలి పెనుగొండకు వచ్చారు, అక్కణ్ణించి చంద్రగిరికి, ఆపైన వేలూరికి. 1586 నుంచి 1614 దాకా యేలిన వెంకటపతిరాయలు చాలా యేళ్లు చంద్రగిరిలోనే కొలువు తీర్చాడు. 1598లో ఏసుసంఘం ఫాదరీలు ఆ కొలువుకు వచ్చారు. వాళ్లు తెచ్చిన పరదేశపు చిత్రపటాలను రాయలు ముచ్చటపడి చూసేవాడట.

కొండమీద స్వామికి నైవేద్యం గంట మోగితే, ఆ మోత మండపం నుంచి మండపానికి అందుకొంటూ చంద్రగిరి చేరేదనీ, అది విన్నాకనే రాయలవారు విస్తరి ముందు కూర్చునేవారనీ యీ ప్రాంతంలో ఒక కథ. నిజమో కాదో గాని, గంట కాస్త ఆలస్యమైన రోజున అంతఃపుర వంటశాలలో యెంత గడబిడ జరిగివుంటుందో మా యింట్లో ఊహించి నవ్వుకొంటూ వుంటాం.

ఆ కోటలో యిప్పుడు మిగిలినవి రెండు మహళ్లు. మూడంతస్తుల రాజమహల్లో ఒక్క కొయ్య దూలం కూడా లేదు. అంతా రాయి, యిటుక, సున్నమే. పైన గుడి శిఖరాల్లాంటి బురుజులు, కింద తురకల పద్ధతి కమానులు. పక్కనున్న చిన్నదాన్ని రాణీమహల్ అంటారు. కింది అంతస్తు గుర్రపుసాలలా వుంటుంది. సేనాపతి వుండిన చోటని శాసనాన్ని బట్టి పురావస్తుశాఖవారు చెబుతారు. మా ఆవిడకు యీ సంగతి చెబితే, "పోనీలెండి, రాణిగారిని గుర్రాల మీద కాపురం పెట్టించలేదు" అంది.

1639 ఆగస్టు 22న సముద్రపు ఒడ్డున ఒక యిసుక పల్లెను యింగ్లీషు కంపెనీవారికి యిస్తూ పట్టా రాసింది, రాయలవారికి లోబడిన దామర్ల వెంకటాద్రినాయకుడు. వాళ్ల నాన్న చెన్నప్ప పేరు మీద వెలసిందే చెన్నపట్నం. పట్టాకు రాయల ఆమోదం రాజమహల్లోనే దొరికిందని చంద్రగిరివారు యిప్పటికీ గట్టిగా చెబుతారు. ఆ గది యిదీ అని చూపించేవాళ్లు కూడా వున్నారు. నేను తగవుకు పోను. 1645లో శ్రీరంగరాయలు ఆ హక్కును మళ్లీ ఖాయపరచాడు. మరుసటి యేడే కోట గోల్కొండవారి వశమైంది. ఆ పిమ్మట యిసుక పల్లె మహానగరమై, మా జిల్లా పిల్లలకు చదువులకూ ఉద్యోగాలకూ దిక్కైంది. కోట వున్న ఊరు మాత్రం తిరుపతికి బస్సులో కూరగాయలు పంపుకొనే ఊరైంది.

అందుకే కాబోలు, 1953కు ముందు "మద్రాసు మనదే" అన్న కేక మా వైపు గట్టిగానే వినిపించింది. పట్నం రాలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం దానిని వదిలే పుట్టింది. 1960లో మా జిల్లాలోని తిరుత్తణి కూడా అటు పోయింది. మా తిరుపతి కూర్చున్న చోటినుంచి కదలకుండానే 1911 దాకా ఉత్తర ఆర్కాటులోనూ, తర్వాత చిత్తూరు జిల్లాలోనూ వుండి, 2022లో తానే ఒక జిల్లా అయింది. ఆ ఉత్తర ఆర్కాటుకు కచేరీ వుండింది మళ్లీ మన చిత్తూరులోనే.

ఊరు యెవరిదని పోట్లాడుకొనేవాళ్లు గుడిగోడలు చదివితే బాగుండును. తిరుమల తిరుపతి గుళ్లలో వెయ్యికి పైగా శాసనాలున్నాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు కూర్చుని చదివితే, దేవస్థానంవారు 1930లలో వాటిని సంపుటాలుగా అచ్చువేశారు. వాటిలో చాలాభాగం అరవంలో వున్నాయి. తెలుగు, కన్నడం కొద్ది. మన రాయల దానాలు కూడా అరవంలో చెక్కినవి బోలెడు. 10వ శతాబ్దంలో వెండివిగ్రహం చేయించి యిచ్చిన పల్లవ వంశపు ఆడపడుచు సామవాయి శాసనం కూడా అరవమే. దాని కిందుగా రోజూ తెలుగులో గోవిందనామాలు చెప్పుకొంటూ నడిచిపోతాం. అడ్డు చెప్పిన గోడ లేదు.

చుట్టాలెవరైనా ఒక పూట మిగిలిందంటే నేను చంద్రగిరి బస్సు యెక్కిస్తాను. తిరుగుదారిలో శ్రీనివాస మంగాపురం కూడా చూడవచ్చు. చాలామంది మొదట గొణుగుతారు, తర్వాత రాజమహల్ మెట్ల మీద కూర్చుని లేవరు. ఒక్క సంగతి: శుక్రవారం మాత్రం పోకండి, మ్యూజియం మూసివుంటుంది.