తొండగారి భోజన వేళ

మొన్న ఆదివారం పొద్దున సిడ్నీ నుంచి మా చెల్లెలు ఫోను చేసింది. గొంతులో దిగులు.

"అన్నా, మావాడి తొండ మూడు రోజులుగా మేత ముట్టడం లేదు. పొట్ట ఉబ్బింది. వాడు ఏడుస్తున్నాడు."

నాకు నవ్వు వచ్చిన మాట దాచను. మా అనంతపురంలో తొండలకు కొదవా? కంచెకొకటి, బండకొకటి. వాటిని పిలిచి అన్నం పెట్టినవారిని నేనైతే చూడలేదు. కాని అది మామూలు తొండ కాదట. ఆస్ట్రేలియా లోపలి మెట్టనేలల్లో పుట్టే 'బియర్డెడ్ డ్రాగన్', అంటే గడ్డం తొండ. బెదిరితే గొంతుకింది ముళ్ళ చర్మాన్ని ఉబ్బించి నల్లబరుస్తుంది. అదే దాని గడ్డం. మన తొండకు దాయాదే. రెండింటిదీ ఒకే కుటుంబం. అక్కడ సర్కారువారి లైసెన్సు పుచ్చుకొని పెంచుకుంటారు.

చెల్లెలు ఆసుపత్రిలో నర్సు. తెల్లవారకముందే డ్యూటీ. బావగారు ఆరింటికే రైలెక్కుతారు. పిల్లవాడికి బడి. అందరూ ఇల్లు చేరి వంటా భోజనాలూ ముగిశాక, రాత్రి తొమ్మిదింటికి తొండకు ఆకులూ కీచురాళ్ళూ వేసి, దీపం ఆర్పి పడుకునేవారు.

అరుగుమీద కూర్చున్న మా నాన్న ఈ మాట విన్నాడు. ఫోను అందుకున్నాడు.

"అమ్మా, మన చేని గట్టుమీద తొండను చూడలేదా నువ్వు? పొద్దెక్కి బండ కాగేదాకా కదలదు. ఒళ్ళు కాగినాకనే పురుగు మీదికి పోతాది. చల్లటి కడుపులో మేత ఎట్లా అరుగుతాది?"

మరునాడు పశువైద్యుడూ అదే చెప్పాడట, కాస్త ఇంగ్లీషులో. తొండకు తన ఒంట్లో తానే వేడి పుట్టించుకునే శక్తి లేదు. దీపం కింద నలభై డిగ్రీల వెచ్చదనంలో పడుకుంటేనే తిన్నది అరుగుతుంది. కాబట్టి దీపం ఆర్పడానికి రెండు గంటల ముందే మేత ముగియాలి. ఎముకలు గట్టిపడడానికి అతినీలలోహిత కిరణాల దీపం వేరే ఉండాలి. పురుగులకు కాల్షియం పొడి అద్దాలి. దాని రెండు కళ్ళ మధ్య ఎడంకన్నా పెద్ద పురుగు వేయరాదు. మిగిలిన కీచురాళ్ళను రాత్రి పెట్టెలో వదిలితే అవే తొండను కొరుకుతాయి. మిణుగురు పురుగు మాత్రం దానికి విషం.

ఇప్పుడు ఏర్పాటు మారింది. ఆరింటికి దీపం తనంతట తానే వెలిగే స్విచ్చి పెట్టారు. ఏడున్నరకు, బడికి పోయేముందు, పిల్లవాడు ఆకులు వేస్తాడు. అవి రాత్రే తరిగి డబ్బాలో ఉంటాయి. ఎదిగిన తొండ కనుక ఆకులే ఎక్కువ. వారానికి రెండు మూడు రోజులు మాత్రం బడినుంచి రాగానే, నాలుగింటికి, పురుగులు. ఎనిమిదింటికి దీపం ఆరుతుంది. గోరువెచ్చని నీటి స్నానాలతో అయిదోనాడు పొట్ట కదిలిందని కబురు వచ్చింది. ఇల్లంతా పండుగ చేసుకున్నారట!

నాన్నకు ఇదేమీ వింత కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే ఈ నేలమీద ఆయన ఎడ్లను సాకాడు. కరువు సంవత్సరాల్లో ఇంట్లో గింజ ఉన్నా లేకున్నా కోడి కూయకముందే లేచి వాటికి వేరుశనగ కట్టె వేసేవాడు. తన తీరిక చూసుకొని మేత వేసిన రోజు నాకు గుర్తు లేదు.

ఈ ముచ్చటంతా కాలేజీలో చెప్పి నలుగురినీ నవ్వించి ఇంటికి వచ్చాను. రెండున్నరయింది. నాన్న కంచం ముందు నాకోసం కూర్చొని ఉన్నాడు.

"తొండకు వేళ కుదిరింది. మరి మామయ్యకో?" అన్నది మా ఆవిడ.

ఆవిడా బడిపంతులమ్మే. ఇద్దరమూ పొద్దున్నే వంట చేసిపెట్టి పోతాం. ఒంటరిగా తినడం ఇష్టంలేక ఆయన నాకోసం ఆగుతాడు. చక్కెర జబ్బుకు మాత్ర మాత్రం పన్నెండున్నరకే వేసుకుంటాడు. చేతులు వణుకుతుంటే బెల్లంముక్క నోట్లో వేసుకుంటాడని నాకు ఆనాడే తెలిసింది. ఏళ్ళతరబడి ఒక్కమాట అనలేదు.

ఒక మిత్రునితో క్లాసు మార్చుకున్నాను. ఇప్పుడు పన్నెండున్నరకల్లా ఇంట్లో ఉంటాను. ఇద్దరం కలిసి తిని మళ్ళీ కాలేజీకి పోతాను.

మొదటిరోజు నాన్న ముద్ద కలుపుతూ నన్ను ఎగాదిగా చూసి అన్నాడు:

"నాకు దీపం పెట్టొద్దులే నాయనా. ఈ ఊరి ఎండ చాలు."